వర్లీ రాళ్ళ మీద గాలం

మన హోట్గి రోడ్డు వాళ్ళకు సముద్రం అంటే సినిమాలో చూసిందే. మనకు ఉన్నది హోట్గి చెరువు. ఎండకాలం వస్తే అదీ ఇగిరిపోతది. కాని సముద్రం ఒడ్డున రాళ్ళ మీద నిలబడి, గాలం వేసి ఇల్లు గడిపిన వాళ్ళు మన పద్మశాలీలలో కూడా ఉన్నారు. ముంబైలో ఉన్న మా బావ ఒకడు. నేను నాలుగో తరగతి దాకా చదివినవాణ్ణి, రాతలో తప్పులుంటే సర్దుకొని చదవండి.

మొన్న మార్గశిరంలో అక్కను చూడడానికి ముంబై పోయినాను. రాత్రి సిద్ధేశ్వర్ ఎక్కితే తెల్లవారి దాదర్‌లో దించుతది. అక్కకు ఇప్పుడు 78 ఏండ్లు. బావ పోయి నాలుగేండ్లయింది. వాళ్ళు నలభై ఏండ్లు ఉన్నది వర్లీ బి.డి.డి. చాల్‌లో, 160 అడుగుల ఒక్క గది. ఆ చాళ్ళు ఇప్పుడు పడగొట్టి ఆకాశానికి నిచ్చెన వేసినట్టు బిల్డింగులు కడుతున్నారు. అక్క కొడుకు దగ్గర వేరే గదిలో ఉంటున్నది. "అక్కా, రాళ్ళ దాకా పోయొద్దామా?" అన్నాను. వెంటనే చెప్పులు వేసుకున్నది.

వర్లీ కోలీవాడ సందుల్లోంచి పోవాలి. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు ఒదగాల్సిందే. ఎండుచేపల వాసన, గడపల దగ్గర వలలు. చివరికి ఇంగ్లీషువాళ్ళు కట్టిన చిన్న కోట. దాని కిందే నల్లరాళ్ళు సముద్రంలోకి పొడుచుకొని ఉంటాయి. ఒక దిక్కు మాహిమ్ ఖాడీ, మరో దిక్కు అరేబియా సముద్రం. ముందర 2009లో తెరిచిన సీ లింక్ పూల్. మేము గాలం వేసిన రోజుల్లో అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేదు. ఇప్పుడు కోస్టల్ రోడ్డు కూడా వచ్చింది. దాని స్తంభాల నడుమ పడవలు పోవడానికి జాగా చాలదని కోలీలు ఏండ్ల తరబడి కొట్లాడితే, 60 మీటర్ల ఎడం 120 చేసినారు.

మన కోసం గాలం సంగతి కొంచెం చెప్తాను. అక్కడ ఒడ్డున కట్టె గాలం తక్కువ, చేతి తాడే ఎక్కువ. తంగూస్ దారం, కొనకు గాలం, దాని కింద బరువు. బావ తంగూసును మిల్లు నుంచి తెచ్చిన పాత కట్టె బాబిన్‌కు చుట్టుకునేవాడు. బాబిన్ ఎడమచేత పట్టి, కుడిచేత బరువును గిరగిర తిప్పి విసిరితే దారం బాబిన్ కొన మీదుగా జారుకుంటూ పోయేది. షటిల్‌లో కండె నుంచి పోగు వచ్చినట్టే. ఎరకు రొయ్య ముక్క. పడేది ఎక్కువగా బోయి, శింగాడా. ఈ శింగాడా అంటే మన జెల్ల, ముల్లు గుచ్చితే రాత్రంతా నిద్ర ఉండదు.

ఆ రాళ్ళ నిండా కాల్వలు అతుక్కొని ఉంటాయి, బ్లేడులాంటి గుల్లలు. బరువు పోయి సందులో ఇరుక్కుంటే గాలం, తంగూస్ అన్నీ పోతాయి. బావ దానికి ఒక ఉపాయం చేసిండు. బరువును తంగూస్‌తో కాకుండా మామూలు నూలు పోగుతో కట్టేవాడు. ఇరికితే ఆ పోగు ఒక్కటే తెగేది, మిగతాది చేతికి వచ్చేది. బరువు అంటే ఏముంది, తుప్పు పట్టిన నట్టు.

ఇంకో ముచ్చట. కోలీలు వల అల్లేటప్పుడు వేసే ముడి, మనం తెగిన పోగుకు వేసే ముడి ఒక్కటే. ఒక కోలీ ముసలాయన బావ చేతులు చూసి, "నువ్వు ఏ బందరువాడివి?" అని అడిగిండంట. తంగూస్ నున్నగా ఉంటది కాబట్టి ఇంకో చుట్టు చుట్టాలని ఆయనే నేర్పిండు. పోటు లెక్క చెప్పింది కూడా ఆయనే. తిథిని ముప్పావుతో గుణిస్తే పోటు నిండే గంట వస్తది. చవితి అయితే మూడు, అష్టమి అయితే ఆరు. దానికి ఆరు గంటల ముందు, తర్వాత ఆటు. పడవలకు పూజ చేసి కొబ్బరికాయ వదిలేది నారళీ పున్నమికి. ఆనాడే మనకు నూలి పున్నమి, సోలాపూర్‌లో మార్కండేయ రథం. వాళ్ళకు వల, మనకు మగ్గం, పండుగ ఒకటే.

ఇక అసలు సంగతి. 1982 జనవరి 18న ముంబై మిల్లుల సమ్మె మొదలైంది. దత్తా సామంత్ నాయకుడు. రెండున్నర లక్షల మంది బయటికి వచ్చినారు. నేను అప్పుడు బదిలీ కార్మికుణ్ణి, బావ పక్కా లూమ్ కార్మికుడు. నెలలు గడిచినయి, కిరాణావాడు ఉద్దెర బందు చేసిండు. చాలామంది భివండి పవర్‌లూములకు పోయినారు. బావకూ అక్కడ ఒక జోడు మగ్గాలు దొరికినయి, సోమవారం చేరాలి. అంతకు ముందు శనివారం మేమిద్దరం రాళ్ళ మీదికి పోయినాం. శ్రావణ చవితి. పొద్దున తొమ్మిదికి ఆటు, మూడింటికి నిండు పోటు. పదకొండుకు లేవాలని బావ ముందే చెప్పిండు.

ఆనాడు చేప విడవకుండా పడుతున్నది. బావ పిలిచిండు. "ఇంకొక్కటి బావా" అన్నాను. మళ్ళీ పిలిచిండు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూసేసరికి నా రాయికి, ఒడ్డుకు నడుమ నీళ్ళు తిరుగుతున్నయి. నాకు ఈత రాదు. సోలాపూర్‌లో పుట్టినవాడికి ఈత ఎక్కడిది? బావ రొమ్ము లోతు దిగి వచ్చి నన్ను మెడ పట్టి లాగిండు. ఆ లాగడంలో అల కొట్టి ఆయన కుడికాలు కాల్వల మీద పడ్డది. అరికాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా చీలింది.

పుండు చీము పట్టింది. రెండు నెలలు కాలు కింద పెట్టలేదు. భివండి మగ్గాలు ఇంకొకరికి పోయినయి. అక్క వెండి కడియాలు పోయినయి. ఇంటికి రాగానే బావ, "జారి పడ్డ" అని ఒక్క మాట చెప్పి నా దిక్కు చూసిండు. నేను నోరు మూసుకున్నాను. తర్వాత ఆయనకు మిల్లు మళ్ళీ దొరకలేదు, వాచ్‌మన్ పని చేసిండు. నేను సోలాపూర్ తిరిగొచ్చి టవల్ కార్ఖానాలో చేరినాను. ఆ మాట మా ఇద్దరి నడుమే ఉండిపోయింది.

మొన్న అష్టమి. అష్టమి పోటు మెత్తది, అందుకే ఆ రోజు చూసుకొని అక్కను తీసుకుపోయినాను. కోట కింద మెట్టు మీద కూర్చోబెట్టి మొత్తం చెప్పినాను. అక్క చాలాసేపు నీళ్ళ దిక్కే చూసింది.

"ఇన్నేండ్లకు చెప్తవారా తమ్మీ?" అన్నది. "ఒళ్ళు తెలవక పోయి కాలు పోగొట్టుకున్నవు, నా కడియాలు పోగొట్టినవు అని ఆయన్ను నలభై ఏండ్లు తిట్టిన. తిట్టినప్పుడల్లా నవ్వుకుంటనే ఉండె. ఎందుకు నవ్వుతుండెనో ఇయాల తెలిసింది."

నేనేమీ అనలేకపోయినాను. పక్క రాయి మీద ఒక పిలగాడు తంగూస్ విసురుతున్నడు. బరువు ఇరికినట్టుంది, గట్టిగా గుంజుతున్నడు. అక్క అక్కడి నుంచే మరాఠీలో కేకేసింది, "గుంజకు బాబూ, తెగుతది. బరువుకు నూలు పోగు కట్టుకోవాలె" అని.