టామీకి మర్యాద నేర్పబోయి...

హైదరాబాదు నుంచి నాగార్జునసాగరం పోయే దారిలో సుమారు 30 కిలోమీటర్లు వస్తే ఇబ్రహీంపట్నం తగులుతుంది. బస్సు కిటికీలోంచి చూసేవారికి ఇదొక కూడలి, నాలుగు హోటళ్లు, ఊపిరాడని మోటారు సైకిళ్ల రద్దీ. ఊరి అసలు సొత్తు మాత్రం చెరువు. గోలకొండను 1550 నుంచి 1580 దాకా ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా పేరే ఊరికీ చెరువుకూ నిలిచింది. ఇక్కడి కళాశాలలో తెలుగు చెప్పుకుంటూ మూడేళ్లు గడిపానే గాని, చెరువుకట్ట మీదికి ముచ్చటగా మూడుసార్లయినా వెళ్లిన పాపాన పోలేదు. చివరికి నన్ను అక్కడికి నడిపించిన గురువు ఒక కుక్కపిల్ల. నవ్వకుండా వింటానంటే ఆ కథ చెబుతాను.

ఒకనాటి సాయంత్రం వానలో తడుస్తూ మా అమ్మాయి బడి నుంచి వచ్చింది. చేతుల్లో గోధుమరంగు నాటు కుక్కపిల్ల. తల్లి లారీ కింద పడిందట. వయసు రెండు నెలలుంటుందేమో.

“సారమేయుడని పేరు పెడదామే!” అన్నాను, నా చదువు ఊరుకోక.

“అంత పేరు పిలిచేలోగా అది వీధి దాటిపోతుంది నాన్నా!” అంది మా అమ్మాయి. తెలుగుదేశంలోని సగం కుక్కల్లాగే అదీ టామీ అయింది.

టామీకి అన్ని సుగుణాలూ ఉన్నాయి. ఒక్కటే లోపం. దాని దృష్టిలో మా హాలుకూ, ఊరి బయలుకూ తేడా లేదు. మొదటిరోజే నాలుగుసార్లు తుడిచాం. మూడోరోజు పొద్దున్నే మా అమ్మ పూలసజ్జతో వస్తూ ఆ తడిలో కాలుజారింది. ఈ కాలపు నున్నటి టైల్సు నేల సంగతి మీకు తెలుసు కదా. తలుపు దొరకబట్టుకుంది కనక మణికట్టు వాపుతో సరిపోయింది. డెబ్బయ్యారేళ్ల మనిషి!

మా ఆవిడ ఆ రాత్రి గొంతు పెంచకుండానే అంది: “అత్తయ్యగారికి తుంటి విరిగితే ఆ పాపం ఎవరిది? పదిహేను రోజులు చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఎవరికైనా ఇచ్చేయండి.”

ఆమె మాటలో తప్పులేదు. తప్పులేదు కనకనే మా అమ్మాయి ఎదురుచెప్పలేక అన్నం ముందునుంచి లేచిపోయింది.

ఇక నేను రంగంలోకి దిగాను. నాకు తెలిసిన ఉపాయం దండోపాయం. దినపత్రిక చుట్టగా చుట్టి, టామీ హాలులో కూర్చోగానే వీపుమీద ఒక్కటిచ్చాను. అది కుయ్యోమంటూ మంచం కిందికి దూరింది. ఆ తరవాత రెండు రోజులపాటు ఇల్లు పొడిగా ఉంది! “చూశావా బోధన అంటే ఏమిటో!” అని మా ఆవిడ ముందు మీసం దువ్వాను. మూడోనాడు నా పుస్తకాల బీరువా వెనకనుంచి వాసన వచ్చింది. జరిపి చూస్తే మడుగు. అడుగు అరలోని పుస్తకాలన్నీ తడిసి ఉబ్బిపోయాయి.

వాటిని పెరట్లో ఎండబెడుతుంటే పాలు పోసే పెద్దాయన చూసి సంగతి అడిగాడు. విన్నాక తల ఊపాడు.

“పసిపిల్ల గద సారూ, దానికేం ఎరుక? మీరు కొడ్తె, ఇంట్ల ఒంటికి పోసుడు తప్పనుకోదు. మీ ముంగట పోసుడు తప్పనుకుంటది. గందుకే మీకు కనవడకుండ బీరువ ఎన్కకు పోయింది.”

నా ముఖం చిన్నబోయింది. భారతంలో సరమ కథ పదిహేనేళ్లుగా తరగతిలో చెబుతున్నవాణ్ణి. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న దేవశుని బిడ్డను ఆయన తమ్ముళ్లు ఊరికే కొట్టారు. తల్లి సరమ వచ్చి, ఏ తప్పూ చెయ్యనివాణ్ణి ఎందుకు కొట్టారని నిండుసభలో నిలదీసింది. రాజుకు జవాబు దొరకలేదు. టామీ తరఫున అడగడానికి తల్లి కూడా లేదు.

ఆ సాయంత్రమే దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చెప్పిన సూత్రాలు సులువైనవే. నెలకు ఒక గంట లెక్కన, రెండు నెలల పిల్ల మహా అయితే రెండు గంటలు ఆపుకోగలదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆట ముగియగానే ప్రతిసారీ ఒకే చోటికి తీసుకుపోవాలి. పని కాగానే, అక్కడికక్కడే మెచ్చుకోవాలి. ఐదు నిమిషాలు ఆలస్యమైతే మెప్పు దేనికో దానికి తెలియదు. తిట్టడం, ముక్కు నేలకు రాయడం వంటివి కూడదు. మూత్రం వాసన మిగిలితే మళ్లీ అక్కడికే వస్తుంది. అమోనియా కలిసిన ద్రవంతో కడిగితే ఆ వాసన మూత్రాన్నే గుర్తుచేస్తుంది. టీకాలు పూర్తయ్యేదాకా వీధిమట్టిలో తిప్పరాదు. పార్వో అనే ప్రాణాంతకమైన వ్యాధి క్రిములు మట్టిలో నెలల తరబడి బతికి ఉంటాయి. మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా తప్పనిసరి.

పెరట్లో వేపచెట్టు కింద మా పాఠశాల మొదలైంది. పనికి సంకేతంగా ఒక మాట ఉండాలన్నారు డాక్టరుగారు. “కానీయ్!” అనుకున్నాం. టామీ కానివ్వగానే వేయించిన పల్లీ అంత రొట్టెముక్క, ఒక “శభాష్”. రాత్రి రెండింటికి అలారం. గొడుగు కింద లుంగీతో నిలబడి ఒక లెక్చరరు “కానీయ్, కానీయ్” అని కుక్కను బతిమాలుతుంటే పక్కింటివారు కిటికీలు తెరిచి చూశారు. ఒకనాడు తరగతిలో పద్యం మధ్యలో తడబడిన విద్యార్థిని కూడా “కానీయ్, శభాష్” అన్నాను. ఎన్నడూ నోరు మెదపని ఆ కుర్రాడు పద్యం పూర్తి చేశాడు!

పదమూడో రాత్రి ఒళ్లు తెలియని నిద్రలో అలారం వినిపించలేదు. ఉలిక్కిపడి లేచేసరికి మూడున్నర. అయిపోయింది, గడువుకు రెండు రోజుల ముందే ఓడిపోయాం అనుకుంటూ హాలులోకి పరుగెత్తాను. నేల పొడిగా ఉంది. పెరటి తలుపు తీసి ఉంది. వేపచెట్టు కింద దీపం వెలుగులో, కట్టుకట్టిన చేత్తోనే ఊతకర్ర పట్టుకుని మా అమ్మ నిలబడి ఉంది.

“తలుపు గీకుతూ ఏడుస్తోందిరా. నువ్వు లేవవు, పాపం అదేం చేస్తుంది?” అని, టామీవైపు తిరిగి, “ఊఁ, కానీయ్!” అంది.

తలుపు గీకి అడగడం దానికి మేమెవరమూ నేర్పలేదు. పదిహేనో రోజున గడువు మాట మా ఆవిడ ఎత్తలేదు. మా అమ్మాయి మాత్రం ఆ పూట రెండోసారి అన్నం వడ్డించుకుంది.

టీకాలన్నీ అయ్యాక ఇప్పుడు తెల్లవారుజామునే చెరువుకట్టకు మా ప్రయాణం. నీటిమీద పలచని మంచు, ఒడ్డున కొంగలు, దూరంగా సాగరం రోడ్డు మీద తొలి బస్సు మోత. ఈ చెరువు పేరింటి ఇబ్రహీం, రాజు కాకముందు విజయనగరంలో రామరాయల పంచన ఏడేళ్లు తలదాచుకున్నాడు. తిరిగి వచ్చాక తెలుగు కవులను ఆదరించాడు. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. మనవాళ్లు ఆయన్ను మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నారు. ఆశ్రయమిచ్చిన ఇంటి భాష మరిచిపోనివాడన్నమాట.

టామీ కట్టమీద నాలుగడుగులు ముందు నడిచి, నేను వస్తున్నానో లేదోనని వెనక్కి చూస్తుంది. వస్తూనే ఉన్నాను. ఇంటికి చేరేసరికి గుమ్మంలో మా అమ్మ అడిగే మొదటి ప్రశ్న కాఫీ గురించి కాదు.

“ఏరా, అయిందా?”

టామీకేనని తెలిసినా, ప్రతిరోజూ జవాబు నేనే చెబుతున్నాను.