గట్టు మీద నడక, నీళ్ల కింద రుజువు

"ఉద్యమాలు ఇడిసిపెట్టి ట్రెక్కింగులు మొదలువెట్టినవా అన్నా?" అని ఒక మిత్రుడు అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ జవాబు చెప్పాల్సిన ప్రశ్నే. అందుకే ఈ వారం నడక గురించి.

జనవరిలో ఒక ఆదివారం పదకొండు మంది విద్యార్థులతో తిరుమలగిరి నుంచి నాగార్జునసాగర్ వెనక నీళ్ల దాకా నడిచి వచ్చాం. సూర్యాపేట దిక్కు తిరుమలగిరి కాదు, సాగర్ పక్కనున్న తిరుమలగిరి. పోనురాను కలిపి ఫోన్ చూపిన లెక్క 24 కిలోమీటర్లు. పిల్లల్లో ఎక్కువ మంది మాల, మాదిగ వాడల నుంచి వచ్చినవాళ్లు. ముగ్గురు తండా పిల్లలు.

నడక మా ఇండ్లకు కొత్త కాదు. మా తాత కూలికి ఊర్లు దాటి నడిచాడు. మా అమ్మ కట్టెల కోసం గట్లెక్కింది. పాలమూరు లేబర్ దేశంలో ఎక్కడ ఆనకట్ట లేస్తే అక్కడికి పోయింది. అయితే ఎవరూ పంపకుండా, నెత్తిన మోపు లేకుండా, కొండ ఎట్లుందో చూద్దామని బయల్దేరడం మాత్రం మాకు కొత్త. ముందు రోజు ఫోన్లో చెప్తే మా అమ్మకు అర్థం కాలేదు. "ఉత్తగనే పోతరా? వచ్చేటప్పుడు కట్టెలన్న తెస్తరా?" అంది.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ని కాబట్టి ఒక మాట చెప్పాలి. మన యాత్రా సాహిత్యానికి మొదటి పుస్తకంగా ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్రను చెప్పుకుంటాం. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, శ్రీశైలం చూసి, కృష్ణ దాటి, పాలమూరు నేల మీదుగా హైదరాబాదు చేరాడాయన. విలువైన పుస్తకం, కాదనను. కానీ ఆయన పల్లకిలో పోయాడు. ఆ పల్లకిని మోసిన బోయీలు అదే దారిని భుజం మీద బరువుతో నడిచారు. వాళ్ల వైపు నుంచి ఆ దారి ఎట్లుందో చెప్పే పుస్తకం మనకు లేదు. జాషువా 1941లో గబ్బిలం రాసినప్పుడు, అరుంధతీసుతుడు తన గోడు చెప్పడానికి తాను కాశీకి పోలేదు. గబ్బిలాన్ని పంపాడు. గుడిలోకి మనిషికి దారి లేదు, గబ్బిలానికి ఉంది. మోసినవాడి నడక పుస్తకానికెక్కలేదు, గోడున్నవాడి కాళ్లకు దారి లేదు. ఈ రెండింటినీ పిల్లలకు తరగతిలో చాలాసార్లు చెప్పాను. ఆ రోజు బాట మీద చెప్తే వాళ్లు వేరే రకంగా విన్నారు.

ఊరు దాటాక పత్తి చేన్లు, ఆ తర్వాత గొర్ల బాట. అడవి లోపలికి అనుమతి లేకుండా పోకూడదు, ఇది పులుల అభయారణ్యం పక్క నేల. మేం నడిచింది అంచు బాటే. తునికి, చండ్ర, మోదుగ, రేల. ఎండలో కూడా నీడ పలచగా ఉండే అడవి ఇది. కింద గుండ్రటి గ్రానైటు గుండ్లు, పైన బల్ల పరిచినట్టు పలకరాయి. తండా నుంచి వచ్చిన డిగ్రీ విద్యార్థిని ప్రతి చెట్టునూ రెండు పేర్లతో పిలిచింది, ఒకటి తెలుగులో, ఒకటి గోర్ బోలిలో. లెక్చరర్ని నేనే గాని ఆ పూట పాఠం చెప్పింది ఆమె.

గట్టెక్కే చోట బైక్ మీద ఇద్దరు ఆగారు.

"ఎవరు మీరు? ఏ ఊరు? ఇక్కడేం పని?"

"చూద్దామని వచ్చినం."

"చూస్తానికి ఏమున్నది?" అని ఆగి, ముందున్న పిల్లవాణ్ని, "ఇంటిపేరేంది?" అని అడిగాడు.

ఇంటిపేరు ఎందుకు అడుగుతారో ఇది చదివేవాళ్లకు నేను వివరించక్కర్లేదు. మాటల్లో అతనే చెప్పాడు, మొన్న హైదరాబాద్ నుంచి ఒక గుంపు వస్తే తానే బాట చూపించాడట. వాళ్ల ఇంటిపేర్లు అడిగావా అని మేం అడగలేదు. మా విద్యార్థిని ఒకామె మాత్రం, "ఇంటిపేరుతోని ఏం పనన్నా, బాట ఎటు పోతదో చెప్పు" అంది. అతను చెయ్యి చాపి చూపించాడు. బాట ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది.

గట్టు మీది నుంచి నీళ్లు కనపడ్డాయి. పిల్లలు చాలాసేపు మాట్లాడలేదు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాది రాయి వేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. 124 మీటర్ల ఎత్తు రాతి ఆనకట్ట, వేలాది కూలీలు రాయి మోసి కట్టింది. ఆ నీళ్ల కింద ఇక్ష్వాకుల విజయపురి లోయ ఉంది, ఇవతలి ఒడ్డున ఏలేశ్వరం ఉంది. మునిగే ముందు బౌద్ధ కట్టడాలను జాగ్రత్తగా విప్పి, కొండ మీదికీ అనుపుకూ తరలించి మళ్లీ పేర్చారు. మంచి పని. బుద్ధుడి జాడ నిలవడం మనకూ కావాలి. కానీ మునిగిన ఊర్లలోని మన వాడలను ఎవరు ఎక్కడ పేర్చారు?

ఒడ్డుకు దిగినప్పుడు మేకలు కాస్తున్న అవ్వ ఒకామె కలిసింది. మాదిగామె. మా సద్ది మాతో తినమంటే కూచుంది.

"మా అమ్మగారి ఊరు గా నీళ్ల కిందున్నది బిడ్డా. వాడ పక్కకు చింతచెట్టు, దాని కింద మా తాత బొంద. మేం చిన్నపోరగాండ్లం, గంపల కోళ్లను పెట్టుకొని గట్టెక్కినం."

ఇప్పుడు అడవి అంచున రెండెకరాలు దున్నుకుంటున్నారు. పట్టా లేదు. అడిగితే డెబ్బై ఐదేండ్ల రుజువు తెమ్మన్నారట.

ఇది అవ్వ ఒక్కదాని కథ కాదు. అటవీ హక్కుల చట్టం, 2006 ప్రకారం ఆదివాసీ కుటుంబం 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నట్టు చూపిస్తే చాలు. ఎస్సీలు, ఇతరులు ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే 75 ఏండ్లు, అడవి మీద ఆధారపడి బతికినట్టు చూపాలి. అంటే 1930 నుంచి. ఈ నీళ్లు వచ్చింది అరవైలలో. 1930 నాటి రుజువు ఎక్కడుంది? చింతచెట్టు కింద, బొంద పక్కన, నీళ్ల అడుగున. ఇందులో లంబాడా అన్నదమ్ములతో మనకు తగాదా లేదు. వాళ్లకూ పట్టాలు అంత సులువుగా రాలేదు. తగాదా ఆ 75తోనే. ఇల్లు ముంచిన ప్రభుత్వమే, ఇల్లు ఎక్కడుండేదో చూపించమంటోంది.

నీళ్ల సంగతీ అంతే. నీళ్లు కళ్ల ముందే ఉన్నా చేను మిట్ట మీద ఉంది. ఇదే మండలంలో నెల్లికల్ ఎత్తిపోతలకు శంకుస్థాపన జరిగింది 2021 ఫిబ్రవరిలో, కాలువలకు నీళ్లు వదిలిన యాభై మూడేండ్ల తర్వాత.

ఒడ్డున కూచున్నప్పుడు మహాడ్ గురించి మాట్లాడుకున్నాం. చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నామని అక్కడి మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. అయినా ఒక్క అంటరానివాడూ దిగి నీళ్లు తాగలేకపోయాడు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వెంట జనం నడిచి పోయి తాగారు. తీర్మానానికీ ఆ దోసెడు నీళ్లకూ మధ్య ఉన్న దూరాన్ని దాటింది కాళ్లే.

మిత్రుడి ప్రశ్నకు నా జవాబు ఇదీ. అటవీ హక్కుల నియమాలు, 2007లో 13వ నియమం చదవండి. బావులు, శ్మశానాలు, పూజా స్థలాల వంటి పాత గుర్తులు రుజువుకు పనికొస్తాయి. దరఖాస్తుదారు కాని పెద్దల మాటను రాసిపెడితే అదీ పనికొస్తుంది. అవ్వకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఆమె ఊరి పేరు, వాడలో ఇండ్ల లెక్క, గట్టెక్కిన బాట, ముందుగా బావి తవ్విన చోటు మా విద్యార్థులు అక్కడే కూచుని రాసుకున్నారు. వచ్చే నెల మళ్లీ పోతున్నాం, ఆ రోజు వాడలోని మిగతా పెద్దల మాట రాయడానికి. ఒక్క కాగితంతో పట్టా వస్తుందని నేను చెప్పను. గ్రామసభ ముందు పెట్టడానికి ఇప్పుడు చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

మీ ఊరి గట్టు ఎక్కండి. చూడడానికే ఎక్కండి, అది మీ హక్కు. ఆడపిల్లలను తోలుకపోండి. జేబులో ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మేకలు కాసే అవ్వ కనపడితే ముందు సద్ది పంచుకోండి, తర్వాత అడగండి. తిరిగొచ్చాక మా అమ్మ, "కట్టెలు తెచ్చినవా?" అని అడిగింది. పన్నెండు పేజీలు తెచ్చినమని చెప్పాను.

జై భీమ్.