ఈ వేసవిలో మా ఇంటి పుస్తకాలు

వేసవి సెలవులు సమీపించగానే బంధుమిత్రులు మమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతుంటారు: "పిల్లల చేత ఏయే పుస్తకాలు చదివించమంటారు?" మేమిద్దరం పండితులం కాము. కర్నూలులో ముగ్గురు పిల్లలతో, వారి దాదీమాతో కాలం గడుపుతున్న సామాన్య దంపతులం. ఏటా ఏప్రిల్ నెలాఖరు నుండి జూన్ రెండవ వారం వరకు, జుహ్ర్ నమాజు తర్వాత తలుపులు మూసుకొని గడపవలసిన ఆ సుదీర్ఘ మధ్యాహ్నాలలో పిల్లలతో కలిసి ఏదో ఒకటి చదువుతుంటాము. అంతకు మించి మాకు వేరే అర్హత లేదు. అడిగిన వారికి విడివిడిగా చెప్పిన మాటలనే ఈసారి ఒకచోట చేర్చి వ్రాస్తున్నాము.

అయితే పుస్తకాల పేర్లు చెప్పడానికి ముందు మేము చేసిన ఒక తప్పును చెప్పుకోవలసి ఉంది. దానిని దాచిపెట్టి ఇతరులకు సలహా ఇవ్వడం మాకు న్యాయంగా తోచడం లేదు.

ఆరేళ్ళ క్రితం మేము ఇల్లు మారాము. పాత ఇంటి అటక మీద దాదీమా పుట్టింటి నుండి తెచ్చుకున్న ఒక ట్రంకు పెట్టె ఉండేది. దాని నిండా ఉర్దూ పుస్తకాలు. మేము ఉర్దూ మాట్లాడతాము గాని చదవలేము. మా చదువంతా తెలుగు బడులలో సాగింది, పిల్లల చదువు ఇంగ్లీషులో సాగుతున్నది. జేర్, జబర్ గుర్తులతో అరబీ వాక్యాలు కనిపించిన పుస్తకాలను భక్తితో వేరు చేసి మసీదుకు అప్పగించాము. మిగిలిన వాటిని, మా ఇంట్లో చదివేవారెవరూ లేరనుకొని, పాత కాగితాలు కొనే వ్యక్తికి తూకానికి అమ్మివేశాము. ఆ సమయంలో దాదీమా కూతురి ఇంట ఉన్నారు. తిరిగి వచ్చాక పెట్టె ఏదని అడిగారు. చెప్పాము. ఆమె ఒక్క మాటైనా అనలేదు. కాసేపు మౌనంగా కూర్చొని, వజూ చేసుకోవడానికి లేచి వెళ్ళిపోయారు.

కొన్ని నెలల తర్వాత, మాటల సందర్భంలో, ఆ పెట్టెలోని ఒక పుస్తకం గురించి ఆమె చెప్పారు. అది ‘మిరాతుల్ ఉరూస్’. దాని చివరనున్న ఖాళీ కాగితం మీద ఆమె తల్లి తన ఏడుగురు సంతానం పుట్టిన తేదీలను స్వయంగా వ్రాసుకున్నారట. ఆ ఏడుగురిలో ఇప్పుడు మిగిలినది దాదీమా ఒక్కరే. మేము అమ్మివేసినది పాత కాగితం కాదని మాకు తెలిసివచ్చింది ఆనాడే.

కనుక మా జాబితాలో మొదటి పుస్తకం అదే. ‘మిరాతుల్ ఉరూస్’ను డిప్యూటీ నజీర్ అహ్మద్ వ్రాశారు. 1869లో వెలువడిన ఈ గ్రంథాన్ని ఉర్దూలో తొలి నవలగా చాలామంది పరిగణిస్తారు. తన కుమార్తెలకు చదువుకోవడానికి తగిన పుస్తకం దొరకక, ఆయనే వారి కోసం దీనిని వ్రాయడం మొదలుపెట్టారు. అచ్చు వేయించాలన్న ఆలోచన తర్వాత వచ్చినది. ఈ రచయిత తదనంతరం సాలార్ జంగ్ కాలంలో హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగం చేశారన్న విషయం మన ప్రాంతపు పిల్లలకు చెప్పదగినది.

కథ ఢిల్లీలోని ఇద్దరు అక్కచెల్లెళ్ళది. పెద్దది అక్బరీ, గారాబంగా పెరిగిన పిల్ల. అత్తవారింట్లో ఇమడలేక వేరు కాపురం పెట్టి, హజ్జన్ వేషంలో వచ్చిన ఒక మోసగత్తె మాటలు నమ్మి నగలు పోగొట్టుకుంటుంది. చిన్నది అస్గరీ, చదువూ వివేకమూ కలది. ఇంటి లెక్కలు సరిచేస్తుంది, దొంగలెక్కలు చెప్పే పనిమనిషిని పట్టుకుంటుంది, ఇంట్లోనే ఆడపిల్లలకు బడి నడుపుతుంది. ఎనిమిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయికి అస్గరీ అంతగా నచ్చలేదు. "ఈమె ఒక్క పొరపాటైనా చేయదేమిటి? అక్బరీకి ఎవరూ ఏమీ నేర్పకుండానే అందరూ తిట్టారు కదా!" అని వాదించింది. ఆ వాదనలో న్యాయం ఉంది. నూట యాభై ఏళ్ళ నాటి పుస్తకంలోని ప్రతి మాటకూ తల ఊపనక్కరలేదు. పిల్ల ఎదురు ప్రశ్న వేసేలా చేసినదంటే ఆ పుస్తకం ఇంకా బ్రతికి ఉన్నట్లే.

రెండవది, ఎనిమిదేళ్ళ మా చిన్నవాని కోసం ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’. దీని రచయిత హైదరాబాదులో జన్మించి, భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన డాక్టర్ జాకిర్ హుసేన్. అల్మోడా కొండలలో అబ్బూ ఖాన్ అనే వృద్ధుడు ప్రేమగా పెంచుకున్న చాంద్‌నీ అనే మేక, కిటికీలోంచి దూకి స్వేచ్ఛ కోసం కొండ ఎక్కుతుంది. అక్కడ తోడేలు ఎదురవుతుంది. గెలవలేనని తెలిసీ రాత్రంతా పోరాడి తెల్లవారే వేళకు నేలకొరుగుతుంది. చెట్టు మీది పక్షులు తోడేలే గెలిచిందంటాయి. ఒక ముసలి పక్షి మాత్రం గెలుపు చాంద్‌నీదేనంటుంది. ఈ కథను మా వానికి నోటితోనే చెప్పాము. ముగింపు విని కంటనీరు పెట్టుకున్నాడు. దుఃఖాంతమైన కథలు పిల్లలకు చెప్పకూడదని కొందరంటారు. మర్నాడు వాడే వచ్చి, "ఆ ముసలి పక్షి చెప్పినదే నిజం" అన్నాడు. అంత పెద్ద విషయాన్ని ఉపదేశాల ద్వారా మేము నేర్పగలిగేవారము కాము.

మేక ప్రస్తావన వచ్చింది గనుక మూడవ పుస్తకం కూడా మేకదే. వైకం మహమ్మద్ బషీర్ మలయాళంలో వ్రాసిన ‘పాత్తుమ్మ మేక’ 1959లో వెలువడింది. ప్రశాంతంగా ఉండాలని స్వగ్రామానికి చేరిన రచయితకు ఇంటి నిండా తల్లి, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు, మరదళ్ళు, పిల్లలు, కోళ్ళు, వీరందరిపై పెత్తనం చెలాయించే చెల్లెలి మేక ఎదురవుతారు. ఆ మేక బషీర్ వ్రాసిన పుస్తకాలనే నమిలి మింగుతుంది! ఒక ముస్లిం కుటుంబపు పేదరికాన్ని, చిన్న చిన్న స్వార్థాలను, వాటన్నిటినీ మించిన ఆప్యాయతను ఇంత నవ్వుతూ చెప్పిన పుస్తకాన్ని మేము మరొకటి చూడలేదు. మేము దీనిని ఇంగ్లీషు అనువాదంలో చదివి, పిల్లలకు ఇంటి భాషలో వినిపించాము. పుస్తకాలను మేక తిన్న ఘట్టం వచ్చినప్పుడు దాదీమా మా వైపు చూసి, "మేకైతే కనీసం కడుపు నింపుకుంది" అన్నారు. ఆరేళ్ళలో ఆ పెట్టె గురించి ఆమె మాతో ఆడిన తొలి పరిహాసం అదే. మేమూ నవ్వాము. మా గుండె బరువు కొంత తగ్గింది.

నాలుగవది ‘సుల్తానాస్ డ్రీమ్’. రుకయ్యా సఖావత్ హుసేన్ ఇంగ్లీషులో వ్రాసిన చిన్న కథ ఇది. 1905లో మన మద్రాసు నుండి వెలువడే ఒక మహిళా పత్రికలో అచ్చయింది. స్త్రీలు సూర్యరశ్మిని ఒడిసిపట్టి వంటలు చేసుకునే, మేఘాల నుండి నీటిని తోడుకునే ఒక ఊహాలోకం అందులో ఉంది. అంతకంటే ఆమె జీవితమే మాకు పెద్ద పాఠం. బాల్యంలో ఇల్లంతా నిద్రించిన తర్వాత దీపపు వెలుగులో అన్నగారు ఆమెకు రహస్యంగా చదువు చెప్పేవారు. ఆ చెల్లెలే పెద్దయ్యాక భాగల్‌పూర్‌లో, ఆపై 1911లో కలకత్తాలో ముస్లిం బాలికల కోసం పాఠశాల నెలకొల్పారు. చెల్లెళ్ళున్న ప్రతి అన్నకూ ఈ సంగతి తెలియాలి.

ఐదవది, పదవ తరగతి పరీక్షలు వ్రాసి ఫలితాల కోసం ఎదురుచూసే మా పెద్దవాని వంటి వారి కోసం ఇబ్న్ బతూతా యాత్రా గ్రంథం. 1325లో, 21 ఏళ్ళ వయస్సులో, హజ్ సంకల్పంతో ఒంటరిగా టాంజియర్ నగరం విడిచిన యువకుడు ఆయన. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ వద్ద ఖాజీగా పనిచేసి, ఆ సుల్తాను రాయబారిగా చైనాకు బయలుదేరితే, కాలికట్ తీరంలో తుపాను వచ్చి కానుకల ఓడ నాశనమైంది. అన్నీ పోగొట్టుకొని మళ్ళీ మొదలుపెట్టిన మనిషి అనుభవాలు పరీక్షల భయంతో ఉన్న పిల్లలకు ధైర్యాన్నిస్తాయి. పక్కన ఒక పటం ఉంచుకొని చదవడం మేలు.

ఆరవ చోట రెండు తెలుగు కథా సంపుటాలు. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’. మొదటిది నెల్లూరు సీమ బాల్యాన్ని అక్కడి మాండలికంలోనే నవ్విస్తూ, అంతలోనే గొంతు పట్టిస్తూ చెబుతుంది. రెండవది కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం పొందినది, రాయలసీమ ముస్లిం ఇళ్ళలోని తల్లుల, పిల్లల కథలది. తెలుగే మాతృభాషగా కలిగి, ఉర్దూ అక్షరం ఏనాడూ ఇంట్లో లేని ముస్లిం కుటుంబాలు మనలో అనేకం. అట్టి ఇళ్ళవారు ఈ రెండింటితోనే ఆరంభించవచ్చు. తమ ఇంటి పిలుపులు, తమ ఇంటి వంటలు అచ్చులో కనిపించినప్పుడు పిల్లల ముఖాలలో కలిగే ఆశ్చర్యాన్ని చూడటమే ఒక ఆనందం.

దివ్య ఖుర్ఆన్ పారాయణాన్ని, దాని భావాన్ని తెలుసుకోవడాన్ని మేము ఈ జాబితాలో లెక్కించలేదు. అది సెలవుల పని కాదు, ప్రతి ఉదయపు పని.

ఈ పుస్తకాలన్నీ కొని పిల్లల ముందు పేర్చినంత మాత్రాన చదువుతారని మేము చెప్పలేము. పక్కన కూర్చునే మనిషి కావాలి. బద్ర్ యుద్ధంలో బందీలైన వారిలో అక్షరజ్ఞానం గలవారు మదీనాలోని పదిమంది పిల్లలకు వ్రాయడం నేర్పితే, అదే వారికి విడుదల పరిహారంగా దైవప్రవక్త (స) అంగీకరించిన ఉదంతం మనందరికీ తెలిసినదే. ధనానికి బదులు ఆ పిల్లల చెంత కూర్చునే గురువులను కోరడం జరిగింది. మా ఇంట్లో ఆ పెట్టె పోవడానికి కారణం ఉర్దూ రాకపోవడం ఒక్కటే కాదు. దాదీమా పక్కన కూర్చొని "ఇందులో ఏముంది?" అని మేము ఏనాడూ అడగకపోవడం.

ఇప్పుడు అడుగుతున్నాము. నీటికాసుల వ్యాధి వల్ల దాదీమా కంటిచూపు దాదాపుగా పోయింది. అందువల్ల నిరుటి వేసవిలో మా అమ్మాయి ఉర్దూ చదవడం ప్రారంభించింది. ఖుర్ఆన్ చదవగలిగిన బిడ్డకు అక్షరాలు చాలావరకు పరిచితాలే. పే, చే, గాఫ్ వంటి కొన్ని కొత్త అక్షరాలు, జేర్ జబర్ లేకుండా పదాన్ని పోల్చుకోవడం, వాలుగా సాగే ఆ లిపి తీరు మాత్రమే నేర్చుకోవలసి వచ్చింది. రోజుకు అరగంట చొప్పున సెలవులన్నీ దానికే సరిపోయాయి. హైదరాబాదు వెళ్ళినప్పుడు చార్మినార్ సమీపంలోని ఒక అంగట్లో ‘మిరాతుల్ ఉరూస్’ ప్రతి ఒకటి కొన్నాము.

పుస్తకం చేతికివ్వగానే దాదీమా చివరి కాగితాన్ని వేళ్ళతో తడిమారు. "ఇది నాది కాదు కదా" అన్నారు. కాదని చెప్పవలసి వచ్చింది. "పోనీలే, చదువు బేటీ" అన్నారు. అమ్మాయి తడబడుతూ చదువుతుంటే, మాట పూర్తికాక ముందే దాదీమా దానిని అందుకుంటారు. ఆమెకు చాలా పుటలు కంఠస్థం.

మొన్న ఒక మధ్యాహ్నం, దాదీమా చెబుతుండగా, కొత్త ప్రతి చివరి కాగితం మీద అమ్మాయి ఆ ఏడుగురి పేర్లు వ్రాసింది. ఐదుగురు పుట్టిన తేదీలు దాదీమాకు గుర్తున్నాయి. మిగిలిన ఇద్దరివి గుర్తు రాలేదు. ఆ పేర్ల ఎదుట ఖాళీ వదిలాము.

సోదర సోదరీమణులారా! ఈ సెలవులలో మీరు కొత్త పుస్తకాలు కొనండి, పిల్లలతో చదివించండి. అంతకంటే ముందు మీ ఇంటి అటక మీద, పెద్దల మంచం కింద ఉన్న పెట్టెలను ఒకసారి దింపండి. వాటిని తెరిచేటప్పుడు ఆ పెద్దలను తప్పక పక్కన కూర్చోబెట్టుకోండి.