బొంతమూటతో పాలమూరు ప్రయాణము

మొన్నటి వేసవి సెలవులలో, మావారి పాఠశాల మూసిన మూడవనాడు, నల్లగొండ నుండి పాలమూరునందలి నా పుట్టినింటికి బయలుదేరితిమి. వెంట రెండు మూటలుండెను. ఒకదానిలో బట్టలు, రెండవదానిలో చినిగిన బొంత. బట్టల మూటను మావారు మోసిరి. బొంతమూటను నేనెవరి చేతికిని ఈయలేదు. అది చినుగుటకు కారణము నేనే; కావున దాని బరువు నేనే మోయవలెనని తోచినది.

సోదరీమణులారా! ఆ బొంత కథను ముందుగా విన్నవించెదను. మా పెద్దమ్మాయి ఈ ఏడు ఇల్లు విడిచి వసతిగృహములో నుండి చదువుకొనవలసియున్నది. బిడ్డవెంట ఇంటి వెచ్చదన మేదైన పంపవలెనని నా కోరిక. కాలము చేసిన మా అత్తగారి చీరలు మూడు పెట్టెలో నుండెను. అందొకటి గళ్ళ ఒడలును గుడి అంచును గల నారాయణపేట చీర. ఆ మూడింటిని పొరలుగా పరచి బొంతగా కుట్టియిచ్చినచో, పిల్ల నాయనమ్మ ఒడిలో నిదురించినట్లే యుండునని తలచితిని. చేతితో కుట్టినచో నెలలు పట్టునని జంకి, మిషనుపై కుట్టుటకు పూనుకొంటిని.

ఈ యూహ నాకు మా వదినె వలన కలిగినది. ఆమె అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నివసించుచు బొంతలను మిషనుపై కుట్టుచున్నది. ఆ మిషను మన యింటి మిషను వంటిది కాదు. దాని చేయి మిక్కిలి పొడవు. అందుచే దానిని లాంగ్ ఆర్మ్ మిషను అందురు. మన మిషనులో సూది యొకచోటనే యుండును, గుడ్డ కదలును. అందులో గుడ్డను పెద్ద చట్రమునకు బిగించి, చక్రములపై నున్న మిషనునే పిడులు పట్టుకొని, కాగితముపై కలమువలె నడుపుదురు. క్రొత్త మిషనులకు కుట్టును సరిదిద్దు పరికరమొకటి యుండును. చేయి వడిగా కదలినచో సూదిని వడిగాను, మెల్లగా కదలినచో మెల్లగాను అది నడిపించును. అందువలన కుట్లన్నియు ఒక్క పొడవున పడును.

మా వదినె కొన్న పాత మిషనుకు ఆ పరికరము లేదు. సూది తన వేగమున తాను పోవుచుండును. చేయియే దానితో సరితూగవలెను. నిమిషమునకు 1000 కుట్లు వేయు మిషనుపై అంగుళమునకు 10 కుట్లు కావలెనన్న, చేయి నిమిషమునకు 100 అంగుళముల వడిని కదలవలెను. చేయి తడబడి ఆ వడి సగమైనచో, అంగుళమునకు 20 కుట్లు పడును. "మొదట చాలాదినములు పాత దుప్పట్లనే పాడుచేసితిని, మంచి గుడ్డను ముట్టలేదు" అని ఆమె ఫోనులో చెప్పెను. నేను ఆ మాటను విని నవ్వితినే గాని చెవికెక్కించుకొనలేదు.

నా మిషను కాలితో తొక్కునది. గుడ్డను వెనుకకు లాగు పళ్ళను దించి, ఎంబ్రాయిడరీకి వాడు స్ప్రింగు పాదమును తగిలించితిని. ఇక గుడ్డను కదల్పవలసినవి నా రెండు చేతులే. చీరపై మామిడిపిందెల తీవె గీసికొని మొదలుపెట్టితిని. మలుపు వచ్చినప్పుడెల్ల చేయి జంకి నిలుచును. కాలు మాత్రము తొక్కుచునే యుండును. అచ్చట కుట్లు ఆవగింజల వలె క్రిక్కిరిసినవి. తిన్నని చోట చేయి పరుగెత్తినది. అచ్చట కుట్లు అర అంగుళము పొడవున వ్రేలాడినవి. మొదటిసారి ఉతికి ఆరవేసిన నాడే నారాయణపేట చీర ఆ మలుపుల వెంట, తపాలా బిళ్ళల కాగితము చుక్కల వెంట చినిగినట్లు, చినిగిపోయినది. పొడవు కుట్టులలో చిన్నవాని కాలివ్రేలు చిక్కుకొని మరియొక చోట పోగులూడినవి. కొత్త చీరను కొనవచ్చును. అత్తగారు కట్టిన చీర అంగడిలో దొరకదు గదా!

దేవరకొండ బాటలో ఇరువైపుల ఎర్రచెల్కలు, బత్తాయి తోటలు, ఎవరో పేర్చి మరచినట్లున్న గుండ్రాళ్ళ గుట్టలు. 14వ శతాబ్దిలో రేచెర్ల పద్మనాయకులేలిన దుర్గము దూరముననే కానవచ్చును. ఏడు గుట్టలను చుట్టిన ఆ ప్రాకారము, గుట్ట వంగినచోట తానును వంగి, ఎచ్చటను తొందరపడక సాగిపోవును. చేతిలో బొంతమూట నుండుటచే కాబోలు, ఆ గోడను చూచి నాకు సిగ్గు కలిగినది.

మావారి పూర్వశిష్యుడొకడు అచ్చటికి సమీపమున నొక లంబాడీ తండాలో నుండును. ఆ పూట వారింట దిగితిమి. అతని నాయనమ్మ అద్దములు, గవ్వలు కూర్చిన కుట్టుపనిలో చేయితిరిగినది, బొంతలును కుట్టును. నేను సంకోచముతో మూట విప్పితిని. ఆమె బొంతను బోర్లించి, వెనుకవైపునే మొదట చూచెను. కుట్టు నిజము వెనుకవైపున తెలియునట. పిదప చినిగిన మలుపులపై వ్రేలు రాచి యిట్లనెను:

"దారం గట్టిది, బట్ట ముసలిది. గట్టి దారం ముసలి బట్టను కోస్తది, బిడ్డా."

నేను వాడినది ఎన్నటికిని తెగని దారమని అంగడివాడు పొగడి యిచ్చినది. అదియే దోషమైనది. మెత్తని నూలుదారమైనచో, గుంజుడు పడినప్పుడు ముందుగా తానే తెగును. తెగిన కుట్టును మరల వేయవచ్చును, కోసుకొనిపోయిన చీర మరల రాదు.

ఆమె తన సగము కుట్టిన బొంతను ఒడిలోనికి లాగుకొనెను. అంచున మొదలిడి, చుట్టును తిరిగి తిరిగి నడుమకు వచ్చుట ఆమె పద్ధతి. మాటలాడుచు, మనుమరాలిని మందలించుచు, సూదివైపు చూడనైన చూడక కుట్టుచుండెను. "అవ్వా, చూడకుండ ఎట్ల కుడుతవు?" అని యడిగితిని.

"సూది దిక్కు చూస్తే చెయ్యి ఆగుతది. పోయే తొవ్వ చూడాలె" అనెను.

నేను గోటితో ఆమె కుట్లను కొలిచితిని. అవియు అన్నియు సమానములు కావు. ఆ మాట చెప్పగా ఆమె పకపక నవ్వి, "అన్నీ ఒక్కతీరు ఎందుకుంటయి? పొరలు విడువకుంటే చాలు" అనెను.

ఆ రాత్రి తండాలో మంచము మీద పరుండి మా నాయనగారిని తలచుకొంటిని. చిన్ననాట ఆయన నాకు పోతన భాగవతము చెప్పుచు పద్యలక్షణము నేర్పిరి. నేను వ్రేళ్ళ మీద గురులఘువుల లెక్క పెట్టుచు చదివినప్పుడెల్ల పద్యము కుంటుచుండెను. కొన్నేండ్లకు గాని గణములు తమంతట తామే చెవికి తగులుట మొదలు కాలేదు. లెక్క తెలియవలసినదే; కాని లెక్కపై చూపు నిలిపినచో నడక చెడును. కుట్టునకు నిదియే మర్మమని ఆనాడు తోచినది.

మరునాడు కల్వకుర్తి చేరితిమి. 2016లో జిల్లాలు విభజింపబడిన పిమ్మట ఆ యూరు నాగర్‌కర్నూలు జిల్లాలో చేరినది. జడ్చర్లలో బస్సు మారునప్పుడు, వానలకు ముందు సొంత యూళ్ళకు మరలివచ్చుచున్న కూలీల కుటుంబములు కనబడినవి. దేశమున నెన్నో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసినవారు పాలమూరు కూలీలు. వారి సామగ్రిలో గంపయు, గిన్నెలును, తాడుతో కట్టిన బొంతయు తప్పక యుండును. ఒక తల్లి ఆ మూటపైననే పసిబిడ్డను పరుండబెట్టి, కొంగుతో విసరుచుండెను. బొంత వారికి పరుపు, దుప్పటి, ఎండకు చాటు, బిడ్డకు ఊయల. అది విడిపోయినచో పరదేశమున చలికి దిక్కులేదు. అవ్వ చెప్పిన "పొరలు విడువకుంటే చాలు" అను మాటకు అర్థము నాకచ్చట పూర్తిగా బోధపడినది.

పాలమూరుకు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను పేరిట మహబూబ్‌నగరమని 1890లో పేరు మారినను, మా అమ్మ నోట నేటికిని పాలమూరే. ఆమె బొంతను చూచి ఒక్క మాటయు అనలేదు. చినిగిన చోట్లు కత్తిరించి, అడుగున మా నాయనగారి మెత్తని ధోవతి నొక పొరగా పరచెను. "బొంత చినిగితే ఇంకో పొర పడుతది, అంతేనే" అనెను. పిమ్మట పాత దుప్పటి ముక్కలు నా ముందు పడవేసి, తన మిషనును చూపెను.

ఆ యెనిమిది దినముల అభ్యాసమును, మీలో నెవరికైన పనికివచ్చునని వ్రాయుచున్నాను. మొదటినాడు దారము లేకయే సుద్దగీతలపై ఒట్టి సూదిని నడిపితిని. అమ్మ మిషనులో ఒక తొక్కుకు నాలుగు కుట్లు పడుచున్నవి. అంగుళమునకు ఎనిమిది కుట్లు చాలును గనుక, తొక్కుకు అర అంగుళము గుడ్డ జరుగవలెను. గీతపై అర అంగుళమున కొక చుక్క పెట్టి, తొక్కుకొక చుక్క చొప్పున కదల్పితిని. రెండవనాడు నూలుదారము ఎక్కించితిని. పాదమును దించు మీటను మరచినచో అడుగున దారము గూడు కట్టును. రెండుమారులట్లు జరిగిన గాని నాకు బుద్ధి రాలేదు. మలుపున చేయి మెల్లనైనచో కాలును మెల్లగా తొక్కవలెను. కొసన నిలిచినప్పుడు రెండును ఒక్కసారి నిలువవలెను. సూది గుడ్డలో దిగియే యుండవలెను. చూపు సూదికి ముందు రెండంగుళముల దూరమున సాగవలెను.

నాలుగవనాడు చుక్కలు మానివేసితిని. అమ్మ ప్రక్కన కూర్చుండి దంపుళ్ళపాట తీసెను. నా కాలు ఆ పాటను పట్టుకొన్నది. ఆరవనాడు అంగుళమునకు లెక్కించి చూడగా ఏడు, తొమ్మిది, ఎనిమిది, మలుపులలో పది. ఇరువది ఎచ్చటను లేదు. అప్పుడు గాని అత్తగారి చీరను ముట్టలేదు.

1924లో యంత్రములను గూర్చి ప్రశ్నించినప్పుడు గాంధీమహాత్ముడు సింగరు కుట్టుమిషనును మినహాయించిరి. అది మన శ్రమను తగ్గించును, నిజమే. కాని మనకు బదులుగా శ్రద్ధ వహింపదు. కుట్టును సరిదిద్దు పరికరము గలవారు దానిని సుఖముగా వాడుకొందురు గాక. లేనివారు తమకది లేదని పని మానవలదు. పాత దుప్పటిని పాడుచేయుటకు జంకక, ప్రియమైన గుడ్డపై తొందరపడకున్నచో, చేయియే ఆ పరికరమగును.

తిరుగు ప్రయాణమున బస్సు దిగునప్పుడు మావారు నవ్వుచు, "ఇప్పుడైన ఆ మూట నాకిత్తువా?" అని యడిగిరి. ఇచ్చితిని.