పానా పట్టు

‘పానా’ అన్న మాటకు మా జిల్లాలో అనువాదం అక్కరలేదు. ఈ సంచికలో ఉర్దూ పుటలు చదివేవారూ, తెలుగు పుటలు చదివేవారూ ఆ పనిముట్టును ఒకే పేరుతో పిలుస్తారు. ఖమ్మం మెకానిక్కు షెడ్డులో ఉస్తాద్ చెయ్యి చాపి ‘పదమూడు’ అంటే చాలు, శిష్యుడు ఆ పానా అందిస్తాడు.

రెండేళ్ళ క్రితం నేను ఆ షెడ్డుకు పోవడం మానుకొన్నాను. బ్యాటరీతో నడిచే ఇంపాక్ట్ రెంచి ఒకటి, రాచెట్ ఒకటి కొన్నాను. గణవిభజన చేసుకొనేవాడికి నట్ల విభజన ఎందుకని సహోద్యోగులు నవ్వారు. నిజానికి ఆ యంత్రం లోపలి ఏర్పాటే నన్ను మోహింపజేసింది. మోటారు ఒక చిన్న సుత్తిని తిప్పుతుంది. నట్టు మొరాయించినప్పుడు స్ప్రింగు నొక్కుకొని సుత్తి వెనక్కు జరుగుతుంది. మరుక్షణం ముందుకు దూకి దాగలిని కొడుతుంది. దెబ్బంతా నట్టుకే పోతుంది, మణికట్టుకు రాదు. 1960లలో అమెరికావారి జెమినై అంతరిక్ష యాత్రల కోసం ఇటువంటి తీగలేని రెంచి తయారైందట. భారరహిత స్థితిలో బోల్టుకు బదులు మనిషే తిరగకుండా! రాచెట్‌కు సుత్తి లేదు. అది ఇరుకు సందులలో పని చేస్తుంది గాని, దాని ఎదురుతోపు చేతికే తగులుతుంది.

కిందటి వర్షాకాలంలో బ్రేకులు శుభ్రపరచి, చక్రాల నట్లను ఇంపాక్ట్‌తోనే బిగించాను. ఆ గటగట శబ్దం ఆగేదాకా మీట వదలలేదు. బలంగా బిగిస్తే భద్రమనుకొన్నాను.

ఆ వారమే, భద్రాచలంలో తమ్ముడి ఇంట ఉన్న అబ్బాజాన్‌కు రాత్రివేళ ఆయాసం హెచ్చింది. ఆయన్ను ఎప్పుడూ చూసే వైద్యుడు ఖమ్మంలో ఉన్నాడు. కారులో పడుకోబెట్టుకొని, 1965 నాటి గోదావరి వంతెన దాటి బయలుదేరాము. పాల్వంచ ఇంకా రాకముందే, అడవి దారిలో చక్రం పంక్చరైంది. యంత్రం బ్యాటరీ ఇంట్లో చార్జరులో ఉంది. కారుతో వచ్చిన పానా పావు మీటరు పొడవు. దానిమీద నిలబడినా నట్టు కదలలేదు.

చాలాసేపటికి ఒక లారీ ఆగింది. డ్రైవరు ఒక నట్టు పట్టిచూసి, “సారూ, ఇది చేత్తో బిగించింది కాదు” అన్నాడు.

“కాదన్నా” అన్నాను.

లెక్క సులభమే. చిన్న కార్లకు 85 నుండి 110 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. నా యంత్రం శక్తి 300. దానిని పావు మీటరు పానాతో విప్పాలంటే కొసన సుమారు 120 కిలోల బరువు పడాలి. అతడు పానా పిడికి ఇనుప గొట్టం తొడిగాడు. పొడవు మీటరయింది, బరువు 30 కిలోలకు దిగింది. మూడు నట్లు ఊడాయి. నాలుగోదానికి బోల్టే తెగిపోయింది. స్టెప్నీని మూడు నట్లతో నిలిపి, తెల్లవారేవరకు మెల్లగా నడిపాను. వెనుక సీటులో ఆయన ఊపిరి వినబడుతూనే ఉంది. వినబడనప్పుడు మరీ భయమేసింది.

అబ్బాజాన్ ఆరు రోజులకు ఇంటికి వచ్చారు.

ఇప్పుడు ఇంపాక్ట్‌తో విప్పడమే చేస్తాను. బిగించేటప్పుడు నట్టును మొదట వేళ్ళతో ఎక్కించి, ఎదురెదురు వరుసలో టార్క్ రెంచితో ముగిస్తాను. నిర్ణయించిన బిగింపు అందగానే అది ‘టక్’ మంటుంది. అబ్బాజాన్ అరుగుమీద కూర్చొని చక్రానికి నాలుగు లెక్కపెడతారు. మూడే వినబడితే నన్ను లేవనివ్వరు.