మా డాక్టరు పాప, అవ్వ చెప్పిన మాట

వేమగల్‌లో మా ఇంట తెలుగే. బడిలో కన్నడ, పొలం గట్టున రెండూ. తాతల కాలం నుంచి పట్టుపురుగులే మా జీవనం. మేము రేష్మె పురుగులంటాము. అట్లాంటి ఇంటి పాప ఎంబీబీఎస్ ముగించి పీజీలో చేరినప్పుడు ఊరంతా మిఠాయి పంచినాము.

ఆ ఏడు ఉగాదికి పాప ఇంటికొచ్చింది. ఒబ్బట్టు ముట్టలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది. 36 గంటలు వరసగా డ్యూటీ చేసినా తిట్లు తప్పవట. "నిద్ర ఒక్కటే కాదు చిన్నాయనా, పొద్దున లేవాలనే అనిపించట్లేదు" అనింది. మేమేమన్నాము? "డాక్టరువి, నీకేం తక్కువ? ఇంకో రెండేండ్లు ఓర్చుకో!" ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

మూలన కూర్చున్న అవ్వే అడ్డొచ్చింది: "పురుగు జ్వరానికి కూసున్నప్పుడు ఆకు ఎయ్యం కదప్పా, తట్ట కూడా కదిలించం. బిడ్డను మాత్రం ఎందుకు కదిలిస్తారు?"

పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగు సార్లు కుబుసం విడుస్తుంది. ఆ పూట మేత మాని, తలెత్తి కదలకుండా ఉంటుంది. దాన్నే మావాళ్లు జ్వరమంటారు. అప్పుడు వదిలేస్తేనే మళ్లీ మేస్తుంది. ఇది తెలిసిన మాకే పాప సంగతి తెలియలేదు.

మరుసటి రోజే బెంగళూరు నిమ్హాన్స్‌కు తీసుకుపోయినాము. ఊళ్లో మాత్రం పెండ్లికి పోతున్నామని చెప్పినాము. అదీ మా తప్పే. కాలు విరిగితే దాస్తామా? డిప్రెషన్ అన్నారు. మందులు, మాటల చికిత్స, కొన్నాళ్లు సెలవు. మెల్లగా తేరుకుని తిరిగి చదువులో చేరింది.

మా పాప ఒక్కతే కాదు. 2023 ఫిబ్రవరిలో వరంగల్‌లో అనస్తీషియా పీజీ చదివే అమ్మాయి పోయిన వార్త తెలుగు ఇండ్లన్నిటినీ కలచింది. 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ నివేదిక వచ్చింది. సర్వేలో జవాబిచ్చిన 5,337 మంది పీజీల్లో 31.2 శాతం మందికి చనిపోవాలన్న ఆలోచన వచ్చిందట. రెసిడెంట్లకు వారానికి 74 గంటలు మించి పని వద్దు, ఒక రోజు సెలవు ఉండాలి అని అందులో సూచించినారు.

మీ ఇంట్లో డాక్టరు బిడ్డలుంటే ర్యాంకు తర్వాత అడగండి. తిన్నావా, పడుకున్నావా అని ముందు అడగండి. జవాబు విని భయమేస్తే టెలి మానస్ 14416కు చేయండి. రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు.

ఈసారి ఉగాదికి పాప రెండు ఒబ్బట్లు తినింది. అవ్వ మూడోది వేసింది.