బందరు: ఒక ఫారసీ మాట, ఒక తెలుగు ఊరు

ఆదివారం వస్తే బెజవాడ నుంచి ఎన్ని ఖాందాన్‌లు మంగినపూడి సముందర్ వైపు బయల్దేరతాయో! మా మొహల్లా కూడా తక్కువేం కాదు. డబ్బాల్లో బిర్యానీ, వెనక సీట్లో పిల్లలు, డెబ్బై కిలోమీటర్లకు పైగా సఫర్. అక్కడ మెత్తటి ఇసుక ఉండదు, నల్ల బంకమట్టి. లోతు తక్కువ కాబట్టి పిల్లలున్నవాళ్ళకు పసందు. కార్తీక పౌర్ణమికైతే స్నానాలకొచ్చే జనంతో నిలబడే జగా దొరకదు. దారిలో ఉన్న బందరు మాత్రం మనకు హల్వా కొనుక్కునే మజిలీ, అంతే.

ఈమధ్య మా చిన్నమ్మాయిని క్లాసులో ఎవరో అడిగిందట, "మీవాళ్ళు ఎక్కడ్నుంచి వచ్చారు?" అని. ఆ పిల్ల మామూలుగానే అడిగి ఉండొచ్చు. మా బేటీ మాత్రం రెండు రోజులు అదే సవాల్ మోసుకు తిరిగింది. అందుకే ఈసారి సముద్రం కంటే ముందు ఊరు చూపించాను.

బందరు పేటల పేర్లే ఒక తారీఖ్ కితాబ్. వలందపాలెం వలందులది, అంటే డచ్చివాళ్ళది. పరాసుపేట ఫ్రెంచివాళ్ళది. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పక్కర్లేదు. డచ్చివాళ్ళు 1605లో వచ్చారు, ఇంగ్లీషువాళ్ళు 1611లో కోఠీ పెట్టారు. 1750లో ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చిన కోట 1759లో ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. వీళ్ళందరికీ ముందు ఇది గోల్కొండ సుల్తానుల రేవు. ఇరానీ సౌదాగర్లు ఇక్కడ కాపురాలుండేవారు. ఇక్కడి జహాజులు బందర్ అబ్బాస్‌కీ, ఎర్ర సముద్రం రేవులకీ వెళ్ళేవి. బట్టల మూటలతో పాటు హాజీలూ ఎక్కేవారు. బందర్ అంటేనే ఫారసీలో రేవు.

డచ్చివాళ్ళ కబరస్తాన్‌లో పదిహేడో శతాబ్దపు రాళ్ళు ఇంకా ఉన్నాయి. వాటిమీద వంశ చిహ్నాలు, చెక్కిన అక్షరాలు. పిల్ల వాటిని వేలితో తడిమి అడిగింది: "అబ్బా, వీళ్ళూ బయటివాళ్ళే కదా. వీళ్ళకు రాళ్ళున్నాయి. మన నిషానీ ఏది?"

పెడన తీసుకెళ్ళాను. ఒక కారీగర్ టేకు అచ్చును రంగులో ముంచి, గుడ్డమీద పెట్టి, పిడికిలితో గుద్దుతున్నాడు. ముందు గుడ్డను కరక్కాయ నీళ్ళలో నానబెడతారు. నల్లరంగు ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీళ్ళ నుంచి వస్తుంది. తీగలూ పూలూ ఇరానీ ముస్తాబు, చేతులు కృష్ణా జిల్లావి. ఖలం, కారీ, రెండూ ఫారసీ నుంచి వచ్చినవే. ఆ కారీగర్‌కు ఫారసీ ఒక్క ముక్క రాదు. "కలంకారీ" అని మాత్రం తన ఇంటిపేరంత ధీమాగా పలికాడు.

నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. అక్కడ మాటల్ని తత్సమం, తద్భవం, దేశ్యం, అన్యదేశ్యం అని వేరుచేయడం నేర్పారు. రైతు అన్యదేశ్యం. కౌలు అన్యదేశ్యం. జిల్లా కూడా అంతే. ఈ డెల్టాలో రైతు కంటే సొంతవాడెవడు? ఆ మాటను వెనక్కి పంపేస్తే వరి ఎవరు నాటుతారు?

మా దాదాకు ఉర్దూ చదవడం రాదు. కౌలు లెక్కలు తెలుగులోనే రాసుకునేవాడు. మనలో చాలామందిమి జహాజు దిగిన సౌదాగర్ల ఔలాద్ కాదు. దూది ఏకినవాళ్ళం, గుడ్డ నేసినవాళ్ళం, పడవ నడిపినవాళ్ళం, ఈ నీళ్ళ పక్కనే పుట్టి కల్మా చదివినవాళ్ళ పిల్లలం. షజరాలో ఇరాన్ కలుపుకోవాలన్న షౌక్ కొందరికుంది. నాకు మటుకు దాదా రాసిన ఆ లెక్కల పుస్తకం చాలు.

పిల్లకు ఇదంతా ఒక్కసారే చెప్పలేదు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన గురించి మాత్రం చెప్పాను. సముద్రం ఊళ్ళోకి వచ్చేసి దాదాపు ముప్పై వేల జానులు తీసుకుపోయింది. ఆ రాత్రి నీళ్ళు ఏ పేటవాళ్ళనీ ఎక్కడ్నుంచి వచ్చారని అడగలేదు. బతికినవాళ్ళు ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు.

2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. ఎన్నాళ్ళుగానో పేరులోనే మిగిలిన బందరు మళ్ళీ నిజంగా బందరు కావచ్చు. ఈలోగా మీరు వెళ్తే సముందర్‌కు ఒక గంట ముందు ఊళ్ళో దిగండి. కోట, కబరస్తాన్, పెడన పిల్లలకు చూపించండి. పేటల పేర్లు వాళ్ళచేతే పలికించండి.

మా బేటీ క్లాసులో ఏం జవాబిచ్చిందో తర్వాత చెప్పింది: "మావాళ్ళు ఎక్కడ్నుంచీ రాలేదు. మాటలే ఓడెక్కి వచ్చాయి. మీరూ వాడుతున్నారుగా."